నాయనమ్మ తిరుగుడు పుస్తకం

"మీ నాయనమ్మ ఏం చేస్తుంది?" అని బడిలో పంతులుగారు అడిగితే "ఊళ్లు తిరుగుతుందండీ" అని చెప్పాను. తరగతంతా ఘొల్లున నవ్వింది. ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే నాయనమ్మ కూడా నవ్వింది. "తప్పేం చెప్పావు? అమెరికా నుంచి డబ్బు పంపి మరీ తిప్పారు నన్ను" అంది.

ఆమె బైబిలు స్త్రీ. ఈ కాలం పిల్లలకు ఆ మాటే తెలియదు. సత్తెనపల్లి వైపు లూథరన్ క్రైస్తవ పల్లెల్లో పుట్టిన మా తరం వాళ్లకు మాత్రం ఆ మాట వింటే తెల్లచీర, నల్లగొడుగు, భుజానికి గుడ్డసంచి కళ్లముందు కదులుతాయి. పల్లెకో ఉపదేశి పంతులుగారు, కొన్ని పల్లెలకు కలిపి ఒక పాదిరిగారు ఉండేవారు. వాళ్లిద్దరూ అడుగుపెట్టలేని ఇళ్లకు వాక్యం చెప్పడానికి బైబిలు స్త్రీ వెళ్లాలి. పరాయి మగవాడు గడప దాటడానికి వీల్లేని పెద్దిళ్లు, ఘోషా ఉన్న ముస్లిముల ఇళ్లు ఆమె వంతు. మిషను కాగితాల్లో దీన్ని జెనానా పని అనేవారు. నాయనమ్మ మాత్రం ఎప్పుడూ తిరుగుడు అనే అంది.

ఆమె పని మానేసింది 1965లో. జీతం ఆగింది గాని కాళ్లు ఆగలేదు. ఆ తరువాత రెండు మూడేళ్లు సెలవుల్లో నన్ను వెంటేసుకుని తిరిగింది. అప్పటికి నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. సంచి నేను మోసేదాన్ని. అందులో బైబిలు, పాటల పుస్తకం, పెద్దబాలశిక్ష, నలిగిపోయిన బొమ్మల చుట్ట, ఒక చిన్న డబ్బాలో అమృతాంజనం, దువ్వెన ఉండేవి. దువ్వెన ఎందుకని ఒకసారి అడిగాను. "పిల్ల తల దువ్వుతుంటే తల్లి లేచి పోలేదు కదే, కూర్చుని వింటుంది" అంది. ఇంత కిటుకు ఏ బైబిలు పాఠశాలలోనూ నేర్పి ఉండరని నా నమ్మకం.

నల్లరేగడి నేల. వాన పడితే చెప్పులకు అంటిన మట్టి అడుగడుగునా బరువెక్కేది. చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని నడిచేది. ఊరి మొదట్లో బావి దగ్గర కాళ్లు కడుక్కునేది కాదు, ఆ బావి మాది కాదు గనుక. చెలమలోనో కుంటలోనో కడుక్కుని, తడి కాళ్లతో ఊళ్లోకి అడుగుపెట్టేది.

ఈ కొలువు ఎలా పుట్టిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అదీ పుస్తకాలు చదివితే. బైబిలు స్త్రీ అనే పేరు లండన్‌లో పుట్టింది. 1857లో ఎలెన్ రన్‌యార్డ్ అనే ఆవిడ అక్కడి మురికివాడల్లో బైబిళ్లు అమ్మడానికి దొరసానులను కాకుండా అదే వాడలో బతుకుతున్న పేద స్త్రీని జీతానికి పెట్టింది. పుస్తకం ఖరీదు ఒకేసారి ఇవ్వలేని వాళ్లు వారానికింత చొప్పున కట్టవచ్చు. ఆ పద్ధతి నచ్చి తక్కిన మిషన్లూ అందుకున్నాయి. అయితే పేరు పుట్టకముందే మన దగ్గర ఆ పని చేసిన స్త్రీలున్నారు. మా అమ్మ పుట్టిల్లు ఒంగోలు, బాప్టిస్టులు. అక్కడ ప్రార్థన కొండ అని ఒకటుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కి అయిదుగురు మోకరించారు. అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. జూలియా తరువాత నెల్లూరులో పేరుపడ్డ బైబిలు స్త్రీ. ఆ కొండ కథ చెప్పేవాళ్లందరూ జ్యూయెట్‌తో మొదలుపెడతారు. మా అమ్మమ్మ మాత్రం జూలియాతో మొదలుపెట్టేది. ఆ కథ నేను చాలాచోట్ల విన్నాను గాని అలా మొదలుపెట్టిన మనిషి మళ్లీ తగల్లేదు.

పాతికేళ్లు తిరక్కుండానే ఆ ప్రాంతం తలకిందులైంది. 1876 నుంచి 78 దాకా కరువు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు తీరుతుండగా 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అమ్మ వైపు వాళ్లకు నోటికి వచ్చు, ఎక్కం చెప్పినట్టు చెబుతారు. అందులో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మానికి ఒక రోజు చాలింది. ఆ పైన ఆ ఇళ్లల్లో ఆడవాళ్లకు అక్షరం ముక్క నేర్పి, పాట నేర్పి, ప్రార్థన చెప్పించడానికి తరాలు పట్టింది. ఆ తరాల పని నెత్తికెత్తుకున్నది జూలియా లాంటి వాళ్లు.

మా వైపు లూథరన్ల కథ వేరు. హయ్యర్ పాదిరి గుంటూరు వచ్చింది 1842లో. స్త్రీల పనికి ఊపు వచ్చింది మాత్రం 1879లో అమెరికా లూథరన్ స్త్రీలు తమకంటూ ఒక మిషనరీ సమాజం పెట్టుకున్న తరువాతే. వాళ్లు తమ చీటీల డబ్బుతో, కుట్టుపనుల డబ్బుతో పెళ్లికాని ఆడపిల్లలను ఏడు సముద్రాల అవతలికి పంపడం మొదలుపెట్టారు. మన వాళ్లు వాళ్లను మిస్సమ్మలు అన్నారు. అలా 1883లో వచ్చిన మనిషే అన్నా కుగ్లర్. వైద్యం చదివిన మనిషి. అయినా ఆమెను పంపింది డాక్టరుగా కాదు, బడులూ జెనానా పనీ చూసుకోమని. పురుడు రాక చనిపోతున్న ఆడవాళ్లను చూసి ఆమె ఊరుకోలేకపోయింది. మొత్తానికి 1898లో గుంటూరులో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి లేచింది. ఆ తరువాత ఏలూరు రాజావారు ఆసుపత్రికి ఎదురుగా సత్రం కూడా కట్టించారు. కుగ్లర్ 1930లో చనిపోయేదాకా గుంటూరును విడవలేదు. నాయనమ్మ ఆమెను చివరి రోజుల్లో చూసింది. "ఎట్లా ఉండేది?" అంటే "ముసలిది" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. మా నాయనమ్మకు భక్తి దేవుడి దగ్గరే, దొరసానుల దగ్గర కాదు.

నాయనమ్మ ఈ పనిలోకి వచ్చింది విధవరాలై. ఇరవై ఏళ్లు నిండకుండా తాతయ్య పోయాడు. చంకలో మా నాన్న. ఆ రోజుల్లో బైబిలు స్త్రీలలో చాలామంది ఇలాంటి వాళ్లే. మనువు పోయిన మనిషి కూలికి వెళ్లాలి, లేదా పుట్టింట్లో వదిన చేతికింద పడి ఉండాలి. మూడో దారి మిషను చూపించింది. ఆమెను గుంటూరు బోర్డింగులో చదివించారు, ఆ పైన రాజమండ్రిలో బైబిలు శిక్షణకు పంపారు. అక్కడ నేర్చుకున్నవి ఏమిటంటే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేది. వాక్యం, పాట, పరిశుభ్రత, రిపోర్టు రాయడం.

ఆ చివరిదే నాకు మిగిలింది. నాన్న పోయాక ట్రంకుపెట్టె అడుగున పాత దినపత్రిక చుట్టిన ఒక పుస్తకం దొరికింది. పొడుగాటి లెక్కల పుస్తకం, గట్టి అట్ట, గళ్లు ఎర్ర సిరాతో కొట్టుకున్నవి. తేది, ఊరు, చూసిన ఇళ్లు, విన్నవారు, అమ్మిన పుస్తకాలు. నెలాఖరుకు ఈ పుస్తకం పట్టుకుని సత్తెనపల్లి వెళ్లి మిస్సమ్మగారికి చూపించాలి. ఆమె కింద గీత గీసి, కూడిక సరిచూసి, ఇంగ్లీషులో పొడి అక్షరాలు వేసేది. ఆ అంకెలన్నీ ఓడెక్కి అమెరికా వెళ్లేవి. అక్కడ ఏ గుడిలోనో ఏ ముసలమ్మలో అవి విని మళ్లీ చందా వేసేవారు. మా నాన్న చదువు ఆ చందాలతోనే సాగింది, కాబట్టి వాళ్లను తేలిక చేయను. కానీ "విన్నవారు 6" అనే గడి చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ ఆరుగురిలో ఎందరు వాక్యం విన్నారో, ఎందరు దువ్వెన కోసం కూర్చున్నారో ఎవరు లెక్కతేల్చగలరు?

1930, 31 పుటల్లో ఒక ఊరి పేరు వారానికి రెండుసార్లు కనిపిస్తుంది. ఇళ్లు 1, విన్నవారు 1. పుస్తకాలు సున్న. ఒక్క ఇంటికి అన్నిసార్లు ఎందుకు వెళ్తున్నావని మిస్సమ్మగారు అడిగి ఉంటుంది, ఆ గడి పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది. అది ఒక పెద్ద రైతు ఇల్లు. ఆ ఇంటి కోడలికి పద్దెనిమిదేళ్లు. మొగుడు ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడి రాయవేలూరు జైలుకు వెళ్లాడు. అక్కడి నుంచి ఉత్తరం వస్తే మామగారు అరుగు మీద కూర్చుని పదిమందిలో పైకి చదివేవాడు. పెళ్లాం పేర మొగుడు రాసిన రెండు ముక్కలు కూడా మామగారి నోటి నుంచి, ఊరందరి ఎదుట వినాలి. ఆ పిల్ల ఒకరోజు గేదె దగ్గర నాయనమ్మను ఆపి అడిగింది, "నాకు చదవడం నేర్పుతావా? మీ దేవుడి సంగతులు నాకొద్దు. ఉత్తరం చదవాలి" అని.

నాయనమ్మ నేర్పింది. అత్తగారికి మాత్రం పాటలు నేర్పుతున్నానని చెప్పింది. అబద్ధం కాదు, మధ్యమధ్య పాటలూ పాడేది. అరుగు కింద ఈమె, అరుగు మీద ఆమె. ఇసుక పోసి, అందులో వేలితో రాసేది నాయనమ్మ. పిల్ల వంగి చూసి, తన పక్కన పోసుకున్న ఇసుకలో తాను దిద్దేది. ఒకే ఇసుకలో ఇద్దరి వేళ్లు పడకూడదు కదా. ఆరు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. అమెరికా దొరసానుల డబ్బుతో జీతం తీసుకునే మనిషి, ఇంగ్లీషు దొర జైల్లో పెట్టిన కాంగ్రెసువాడి ఉత్తరం చదవడం అతని పెళ్లానికి నేర్పింది. ఇది ఏ గడిలో రాయాలో నాయనమ్మకు తెలియక విన్నవారు 1 అని రాసుకుంది.

ఆ పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. అక్కడక్కడా ఎడమవైపు అంచున, ఎర్రగీతకు అవతల, చిన్న గుర్తులు. కొన్ని అరసున్నలు, కొన్ని నిండు సున్నలు. సిరా వేరు, గళ్లు నింపిన తరువాత ఇంటికొచ్చి వేసుకున్నట్టుంది. వాటి అర్థం నేను ఊహించుకోవాల్సిన పని లేకపోయింది. చిన్నప్పుడు ఆమెతో తిరిగే రోజుల్లోనే ఒకసారి, పుస్తకం ఎండకు పెట్టినప్పుడు, అడిగాను. దాహం గుర్తులు అంది.

ఊళ్లోకి వెళ్తే మంచినీళ్లు ఎవరో పోయాలి. మామూలుగా అయితే దోసిలి పట్టాలి, వాళ్లు పైనుంచి చెంబుతో వంచుతారు. దానికి గుర్తు లేదు. గ్లాసు ఇస్తే, అది ఆమెకోసమని విడిగా చూరులోనో గోడ గూట్లోనో పెట్టిన గ్లాసయితే అరసున్న. తాము తాగే గ్లాసే ఇస్తే నిండు సున్న. "మిస్సమ్మగారు ఇదేమిటని అడగలేదా?" అన్నాను. "అడిగింది. సిరా చిందిందని చెప్పాను" అంది.

నేను ఒకసారి కూర్చుని లెక్కపెట్టాను. అరసున్నలు పేజీకి ఒకటో రెండో ఉన్నాయి, 1940ల తరువాత కాస్త పెరిగాయి. నిండు సున్నలు మొత్తం పుస్తకంలో పదకొండు. అందులో నాలుగు ముస్లిముల ఇళ్లవి. ఉత్తరం చదివిన పిల్ల ఇంటికి చివరిదాకా అరసున్నే. ఆ పిల్ల చెడ్డది కాదు, అత్తగారు ఉంది. అత్తగారు పోయాక కూడా అలవాటు ఉంది.

సభల్లో మాట్లాడేవాళ్లు సువార్త పని అనగానే మారినవాళ్ల సంఖ్య చెబుతారు. విమర్శించేవాళ్లూ ఆ సంఖ్యనే పట్టుకుంటారు. ఇద్దరికీ కావాల్సింది పుస్తకం కుడివైపు గళ్లే. నలభై ఏళ్లు తిరిగిన మా నాయనమ్మ చేతి మీదుగా పెద్దిళ్ల నుంచి బాప్తిస్మం తీసుకున్న వాళ్లు నాకు తెలిసి ఒక్కరు, అదీ ఒక ముసలి విధవరాలు, ఆమెను ఇంట్లోవాళ్లు తిరిగి రానివ్వలేదు. చివరి రోజులు మా ఇంటి వసారాలోనే గడిపింది. పురుడు కష్టమై గుంటూరు ఆసుపత్రికి బండికట్టించి తీసుకెళ్లిన వాళ్లు మాత్రం ఎందరో. రాత్రంతా ఎడ్లబండి, పక్కన లాంతరు, లోపల నొప్పులు పడే మనిషి తల ఒళ్లో పెట్టుకుని నాయనమ్మ. అరుగు మీద అంటరాని ఒడి బండిలో అంటు లేనిదైపోయేది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మళ్లీ అరుగు కిందే.

ఇక మా పల్లెలో స్త్రీల సమాజం సంగతి. శుక్రవారం సాయంత్రం గుళ్లో కూడేవారు. పిడికెడు బియ్యం కానుక అప్పటి అలవాటే, ఇప్పటికీ చాలా సంఘాల్లో ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేయాలి. మేము పేరుకు పిడికెడు బియ్యం అనేవాళ్లమే గాని కుండలో పడేవి జొన్నలు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక గాని మా పల్లెలో ఆ కుండ బియ్యం ముఖం చూడలేదు. వారం వారం ఆ గింజలు గుళ్లో కుప్పపోసి వేలం వేసేవారు. ఆ డబ్బు లెక్క రాసేది, దాచేది, ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఆడవాళ్లే. మగవాళ్ల కమిటీలో లెక్కలకు రోజూ రచ్చ. ఈ కుండ లెక్కలో దమ్మిడీ తేడా వచ్చిందని నేను వినలేదు. మా మేనత్త నర్సు శిక్షణకు వెళ్లడానికి ప్రయాణం ఖర్చు ఆ జొన్నలదే.

మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. అది కూడా అమెరికాలో ఆడవాళ్లు మొదలుపెట్టినదే, 1927 నుంచి లోకమంతటికీ పాకింది. ఏటా ఒక్కో దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాసి పంపుతారు, అన్ని దేశాల్లో ఆ రోజు అదే చదువుతారు. ఆ రోజు పాదిరిగారు కూడా కింద కూర్చోవాలి. నాయనమ్మ ప్రసంగపీఠం ఎక్కేది. ఏడాదికి ఆ ఒక్కసారి. మిగతా యాభై ఒక్క వారాలూ ఊళ్లన్నీ తిరిగి చెప్పగలిగిన మనిషి తన గుళ్లో బల్ల మీద కూర్చుని వినేది. దాని గురించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకే ఉండబట్టదు. 2013లో దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పుగా నంద్యాలలో పుష్ప లలితగారు అభిషిక్తురాలైనప్పుడు పేపరు కత్తిరించి ఆ ట్రంకుపెట్టెలో, పుస్తకం అట్ట లోపల పెట్టాను. మా సంఘం కాదు, అయినా పెట్టాను.

మిస్సమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బంగళాల ముందు పూలకుండీలు ఎండిపోయాయి. బైబిలు స్త్రీల కొలువులు పాతవాళ్లు పోతున్నకొద్దీ తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు స్త్రీల సదస్సులు పెద్ద పెద్ద పందిళ్లలో జరుగుతున్నాయి, మైకులు, ఫ్లెక్సీలు, భోజనాలు. వెళ్తూనే ఉంటాను, పాటలు బాగుంటాయి. దువ్వెన పట్టుకుని అరుగు కింద కూర్చునే మనిషి మాత్రం కనపడదు.

నాయనమ్మ 1974 శీతాకాలంలో పోయింది. సమాధి పెట్టి వచ్చిన మూడో రోజు, పొద్దెక్కాక, పల్లె మొదట్లో ఎడ్లబండి ఆగింది. ఊళ్లో పెద్దిళ్ల ఆడవాళ్లు మా పల్లెలోకి రావడం ఎవరూ ఎరగరు. దిగిన మనిషికి అరవై దాటి ఉంటాయి, జుట్టు నెరిసింది, పాలేరు గొడుగు పట్టబోతే వద్దంది. ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. ఆమెను చూడగానే నాన్న లేచి నిలబడ్డాడు, "అమ్మగారూ, మీరు..." అని ఆగిపోయాడు. ఆమె ఎవరో నాకు అప్పుడు తెలియదు. సంచిలోంచి ముడతలు పడ్డ జైలు ఉత్తరం తీసి అమ్మ చేతిలో పెట్టింది. "అక్క నేర్పితే మొదట చదివింది ఇదే" అంది. నాయనమ్మను అక్క అనడం మేమెవరమూ వినలేదు. నాయనమ్మ ఆమెను అమ్మగారూ అనే అనేది.

ఆమె మా అరుగు మీద కూర్చుంది. కాసేపటికి మంచినీళ్లు అడిగింది. అమ్మ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఉన్నవి మూడు స్టీలు గ్లాసులు, మూడూ మేము తాగేవే. దోసిలి పట్టమనడానికి నోరు రాదు, గ్లాసు ఇస్తే ఏమంటుందోనని భయం. చివరికి ఒక గ్లాసు మూడుసార్లు తోమి, నిండా నీళ్లు పోసి, కొంగుతో పట్టుకుని తెచ్చింది.

ఆమె అందుకుంది. ఎత్తిపోసుకోలేదు. పెదవులకు ఆనించి, కరుచుకుని, గటగటా తాగి, గ్లాసు చాపింది.

"ఇంకొన్ని పోయమ్మా" అంది.